సున్నా అడుగుల ఎత్తున

వెయ్యిన్ని తొమ్మిది వందల ఎనభై ఎనిమిదో సంవత్సరం, నవంబరు ఇరవై ఒకటో తేదీ, సోమవారం ఉదయం, సింగవరం పౌర విమానయాన శిక్షణ సంస్థ కార్యాలయంలో విచారణ సంఘం సమావేశమైంది. హాజరైనవారు: సంస్థ సంచాలకులు శ్రీ భళ్లమూడి గజాననరావు గారు, అధ్యక్షులు, భద్రతాధికారి శ్రీ తిరునగరి పద్మనాభాచారి గారు, సభ్యులు, ముఖ్య శిక్షకులు కెప్టెన్ దాట్ల విజయగోపాలరాజు గారు, సభ్యులూ సాక్షీ కూడా, శిక్షణార్థి కుమారి మల్లవరపు కాదంబిని గారు, ఆరోపణకు గురైనవారు. గది కిటికీ తెరిచి ఉన్నందువల్లా, అందులోంచి ఎదుటి కొట్టంలో ఉన్న సంస్థ విమానపు ముక్కు కనిపిస్తున్నందువల్లా, విమానం కూడా హాజరైనట్టే నమోదు చేశారు.

విచారణాంశం ఒక్కటే. ఆ నెల పదిహేడో తేదీ ఉదయం సదరు విమానం నేలను విడిచినదన్న ఆరోపణ.

కాదంబిని గారు చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నారు. ఆమె పట్నంలోని మహిళా కళాశాలలో భూగోళశాస్త్రం చెబుతారు. వచ్చే శుక్రవారం ఆమెకు నలభై ఐదు నిండుతాయి. నలభై ఐదు నిండినవారికి తొలి లైసెన్సు ఇవ్వరాదని సంస్థ నిబంధన. ఆమె ఎగిరినట్టు సంఘం తేల్చిందా, లైసెన్సు లేకుండా ఎగిరిన నేరానికి జన్మకు అనర్హురాలవుతారు. ఎగరలేదని తేల్చిందా, విమానచోదక లైసెన్సు ఈ పూటే చేతికొస్తుంది. నేరమేమిటో, అర్హత ఏమిటో ఆమెకు మొదట్లో తారుమారుగా తోచింది గాని, ఆ సంస్థలో రెండేళ్లు చదివిన మీదట తారుమారు కావడానికి కూడా ఒక క్రమం ఉంటుందని ఆమె గ్రహించారు.

రెండేళ్ల కిందట ఆమె ఈ సంస్థ గుమ్మం ఎక్కడానికి కారణం ఒక సుద్దముక్క. ఏటా ఆగస్టులో నల్లబల్ల మీద గోదావరి పాయలూ, నడుమ లంకలూ, చివర సముద్రమూ గీయడం ఆమెకు రివాజు. ఒక ఏడు, గౌతమి పాయ గీస్తూ గీస్తూ సగంలో చెయ్యి ఆగిపోయింది. తాను గీస్తున్నది నదిని కాదు, ఎవరో గీసిన గీతను. ఆ గీసినవారు కూడా మరెవరి గీతనో చూసి గీసి ఉంటారు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆ నదిని పైనుంచి చూసి వచ్చి గీయాలనిపించింది. ఆ సాయంత్రమే దరఖాస్తు పంపారు.

"భయమేమీ లేదు కదమ్మా?" అని గజాననరావు గారు ప్రవేశపరీక్షలో అడిగారు. వారు ఉద్యానశాఖనుంచి డిప్యుటేషను మీద వచ్చినవారు.

"ఎత్తులంటేనా? లేదండి."

"ఎత్తుల సంగతి కాదమ్మా, ఎత్తులతో మనకి పనేముంది? నిబంధనలంటే?"

వారి వెనక బీరువా మీద వెండిపూత పూసిన భద్రతా ఫలకం మెరుస్తూ ఉండేది. స్థాపించిన నాటినుంచి ఒక్క ప్రమాదమైనా జరగని శిక్షణ సంస్థకు ఏటేటా ఇచ్చే ఫలకం అది. వేరే సంస్థ దాని మొహం కూడా ఎరగదు. సంస్థకున్న ఒకే ఒక్క విమానం, రెండు సీట్ల బుల్లి విమానం, మొట్టమొదట సింగవరానికి లారీ మీద వచ్చింది. వచ్చిన తీరే మర్యాదగా ఉండడంతో ఆ మర్యాదను ఎవరూ చెడగొట్టలేదు.

ఈ ఘనతకు మూలపురుషులు ఆచారి గారు. భద్రతాధికారిగా చేరిన కొత్తలో వారు లోకంలో జరిగిన విమాన ప్రమాదాలన్నిటినీ సేకరించి, మూడు నెలలు తలుపులు వేసుకుని అధ్యయనం చేసి, బయటికొచ్చి ఇలా అన్నారు: "అన్నిటికీ ఉమ్మడి కారణం ఒక్కటే కనిపించిందండి. కూలిన ప్రతి విమానమూ అంతకుముందు ఎగిరింది."

ఆ అన్వేషణ మీదనే సంస్థ శాస్త్రమంతా నిలబడింది. నేల విడవడమే ప్రమాదమనీ, కూలడం దాని పర్యవసానం మాత్రమేననీ నిర్వచించారు. అయితే లైసెన్సుకు నలభై గంటల విమానయానం తప్పనిసరి. అందులో కొంత ఒంటరిగా చేయాలి, కొంత ఊరు దాటి చేయాలి. ఈ చిక్కును ఆచారి గారి సర్క్యులరు ఒక్క వాక్యంలో విడదీసింది: "శిక్షణావసరముల నిమిత్తము భూతలమును సున్నా అడుగుల ఎత్తు గల ఆకాశముగా పరిగణించవలెను."

కాదంబిని గారు ఆ ఆకాశంలోనే చదువుకున్నారు. వాతావరణశాస్త్రం, దిక్కుల లెక్క, రేడియో సంభాషణ అన్నీ పద్ధతి ప్రకారం ఉత్తీర్ణులయ్యారు. డాక్టరు కళ్లు చూశాడు, చెవులు చూశాడు; ఎత్తు తట్టుకోగలరేమో చూడడానికి నీళ్లట్యాంకు ఎక్కించాలన్న నియమాన్ని, ట్యాంకు మెట్లు ప్రమాదకరమన్న కారణంగా, ట్యాంకును కిందనుంచి చూపించి పూర్తిచేశాడు. ఉదయంపూట ముఖ్య శిక్షకులు రాజు గారు పక్కన కూర్చోగా ఆమె విమానాన్ని రన్‌వే మీద ఈ కొసనుంచి ఆ కొసకు నడిపేవారు. టేకాఫ్‌లో చివరి భాగం తప్ప మిగతా భాగమంతా ఆమెకు క్షుణ్ణంగా వచ్చు.

రాజు గారు పూర్వం ఎక్కడో పొలాల మీద మందు చల్లే విమానాలు నడిపినవారు. ఈ సంస్థలో చేరాక నేల విడవలేదు. మీసం మాత్రం అప్పటిదే. రన్‌వే మీద గద్ద ఏదైనా తిరిగితే పాఠం మధ్యలో ఆపి, అది కనుమరుగయ్యేదాకా చూసి, "ఆయ్, ఎక్కడున్నామండీ?" అని అడిగేవారు.

"సున్నా అడుగుల దగ్గరండి," అనేవారు కాదంబిని గారు.

దూరప్రయాణ శిక్షణకు విమానాన్ని రోడ్డెక్కించడం కుదరదు గనక సంస్థ జీపును వాడేవారు. ఆమె స్టీరింగు పట్టుకుని, రాజు గారు మ్యాపు పట్టుకుని, రేడియోలో ఆచారి గారికి ఎప్పటికప్పుడు విన్నవించుకుంటూ వెళ్లాలి.

"టవర్, ఇక్కడ జీపు... క్షమించండి, విమానం. ఎదర మేఘాల గుంపు ఉందండి. దారి మూసేశాయి," అన్నారు ఒకసారి కాదంబిని గారు.

"ఏ రంగు మేఘాలు?" అన్నారు ఆచారి గారు.

"నలుపండి."

"ఉరుములున్నాయా?"

రాజు గారు మైకు అందుకుని, "ఒకటి అరుస్తోందండి. దూడ తప్పిపోయినట్టుంది," అన్నారు.

"అయితే చొరబడకండి. చుట్టూ తిరిగి వెళ్లండి."

చుట్టూ అంటే కాలవగట్టు. గట్టు మీద కొంతదూరం పోయాక, ఆకాశంలో ఇంజను ఆగిపోతే అనువైన చోట దిగడమనే అభ్యాసం మొదలైంది. కాదంబిని గారు తాళం తిప్పి ఇంజను ఆపి, గాలివాలు చూసుకుని, జీపును పక్క వరిచేలోకి మెత్తగా దింపారు. నిబంధనల ప్రకారం అది చక్కని దిగుదల. చేను గల అబ్బులు గట్టు మీదనుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏవండోయ్ రాజుగారూ! గట్టుండగా చేలోకి దింపేరేటండీ బండి?"

"బండి కాదు అబ్బులూ, విమానం. ఇంజను ఆగిపోయింది."

"ఆగిపోలేదండి, ఈ అమ్మగారు తాళం తిప్పి ఆపేరు. నాను సూత్తానే ఉన్నాను."

"అభ్యాసం కోసం ఆపాంరా."

"అబ్బేసానికైతే గట్టు మీదే ఆపుకోవచ్చు గదండీ."

"ఆకాశంలో గట్టుండదుగా మరి!"

అబ్బులు ఒకసారి ఆకాశంకేసి చూశాడు. ఒకసారి బురదలో దిగబడిన చక్రాలకేసి చూశాడు. "ఆయ్, అదీ నిజవేనండి," అన్నాడు నెమ్మదిగా. "మరి ఆకాశంలో నా వరిచేను మాత్రం ఎలాగుందండీ?"

ఆ దిగుదలకు కాదంబిని గారికి మంచి మార్కులు వచ్చాయి. పాడైన వరిమళ్లను మాత్రం సంస్థ వాతావరణ కారణాల కింద చూపింది.

ఇక బస్తాల సంగతి. ఒకనాడు ఎదురుగాలి బలంగా ఉండి, పరుగు మధ్యలో విమానం జానెడు పైకి ఉబికిందన్న అనుమానం వచ్చింది. అదే రోజు ఆచారి గారు సీట్ల వెనక ఇసుక బస్తాలు వేయించారు. కాని సరుకు రవాణాకు సంస్థకు అనుమతి లేదు. సరుకు కానిది విమానంలో ఉండాలంటే ప్రయాణికుడై ఉండాలి. కాబట్టి బస్తాలను ప్రయాణికులుగా గుర్తిస్తూ మరో సర్క్యులరు వెలువడింది. ప్రయాణికులన్నాక వారికుండే హక్కులు వారికుంటాయి. బయల్దేరే ముందు కాదంబిని గారు వెనక్కి తిరిగి, వాటికి బెల్టులు బిగించి, అపాయం వచ్చినప్పుడు ఏ తలుపునుంచి దిగాలో చదివి వినిపించేవారు. బస్తాలు శ్రద్ధగా వినేవి.

నవంబరు పదిహేడున ఆమె ఆఖరి పరీక్ష. ఒంటరి విమానయానం. అంటే శిక్షకుడు లేకుండా ఒక్కరే విమానాన్ని రన్‌వే మీద పూర్తి వేగంతో పరుగెత్తించి ఆపాలి. ఆ ఉదయం సముద్రపు గాలి బాగా వీస్తోంది. రన్‌వే పక్క కొయ్యకు కట్టిన, గాలివాటం చూపే గుడ్డసంచీ నిండుగా ఉబ్బి, అడ్డంగా నిలబడింది. రాజు గారు దిగిపోయారు. ఆచారి గారు నిబంధనల పుస్తకం విప్పి పైకి చదివారు.

"ఒంటరి పరీక్షయందు అభ్యర్థి తప్ప అన్యులెవరును విమానమున ఉండరాదు. ప్రయాణికులను ఎట్టి పరిస్థితులలోను అనుమతించరాదు."

"మరి బస్తాలండీ?" అన్నారు కాదంబిని గారు.

"బస్తాలంటే?"

"ప్రయాణికులు కదండీ."

ఆచారి గారు పుస్తకంకేసి చూశారు. తమ సర్క్యులరును తామే ఉల్లంఘించే మనిషి కారు వారు. "దింపించండి," అన్నారు.

రాజు గారు గుడ్డసంచీకేసి చూశారు. విమానంకేసి చూశారు. ఏదో చెప్పడానికి నోరు తెరిచారు. తెరిచిన నోటిని మీసం దువ్వుకోవడానికి వినియోగించి, మళ్లీ మూసేశారు.

కాదంబిని గారు నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేశారు. ఇంజనుకు పూర్తి బలం ఇచ్చారు. విమానం పరుగందుకుంది. రన్‌వే సగం దాటాక ఒక్కసారిగా చక్రాల చప్పుడు ఆగిపోయింది. ఏదో చెడిందనుకుని ఆమె గాభరాపడ్డారు. రెండేళ్లుగా సున్నా దగ్గర నిద్రపోతున్న ఎత్తు చూపే ముల్లు కదులుతోంది. అది కూడా చెడిందనుకుని అద్దం మీద వేలితో తట్టారు. అప్పుడు కిటికీలోంచి చూస్తే, ఆచారి గారి బట్టతల రూపాయి బిళ్లంత కనిపించింది.

"కాదంబిని గారూ!" రేడియోలో ఆచారి గారు కేక వేశారు. "మీరెక్కడున్నారు?"

"పైనండి."

"పైన అంటే?"

"మీకు పైనండి."

"ఎవరి అనుమతితో?"

ఇంతలో గజాననరావు గారు మైకు లాక్కున్నారు. "అమ్మా, తక్షణం దిగిపోమ్మా!"

"వద్దండీ!" అని ఆచారి గారు అడ్డుపడ్డారు. "ప్రమాదాల్లో ఎక్కువ భాగం దిగేటప్పుడే జరుగుతాయి. దిగడానికి అనుమతి లేదు!"

"అయితే పైనే ఉండమంటారా?" అన్నారు కాదంబిని గారు.

"పైన ఉండడానికీ అనుమతి లేదు."

"మరి ఏం చెయ్యమంటారండీ?"

"యథాతథ స్థితిని కొనసాగించండి," అన్నారు ఆచారి గారు. "సంఘాన్ని సమావేశపరుస్తున్నాం."

ఆ యథాతథ స్థితిలో కాదంబిని గారు కిందికి చూశారు. గౌతమి కనిపించింది. లంకలు పచ్చగా, ఒకదాని వెనక ఒకటి, రేవుకు కట్టిన పడవల్లా నీళ్ల మధ్య ఉన్నాయి. పుస్తకంలో ఉన్నట్టే ఉందని ఆమె సంతోషించబోయి, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆగిపోయారు. నల్లబల్ల మీద తాను ఏటా గీత ఆపి, సుద్ద దులుపుకునే చోట నది ఆగలేదు. మట్టిరంగు నీరు నీలంలోకి దూసుకుపోయి, పాయలు విప్పుకుంటూ, చూపు ఆనినంత మేరా పోతూనే ఉంది. ఇన్నేళ్లూ ఎంత ముందుగా ఆపేశానో అనుకున్నారామె.

"మేడమ్, రాజునండి," అని రేడియో మెల్లిగా పలికింది. "ఆచారి గారు సంఘాన్ని పోగెయ్యడానికి వెళ్లేరు. ఈలోగా మనం దిగిపోదాం. ఏం కంగారు లేదు. ముక్కు కొంచెం కిందికి... ఆ, అంతే. భేష్. చేతిలో గువ్వపిట్ట ఉందనుకోండి. నలిపెయ్యకండి, వదిలెయ్యకండి."

చక్రాలు నేలకు ఆనాయో లేదో తెలియనంత మెత్తగా ఆనాయి. రాజు గారు మైకు పక్కన పెట్టి, అటు తిరిగి, చాలాసేపు ముక్కు తుడుచుకున్నారు.

ఇదీ జరిగిన సంగతి. ఇక విచారణ. ముందుగా ఆచారి గారు అధ్యక్షులవారినే సాక్షిగా ప్రశ్నించారు. ఆ రోజునుంచీ వారి మెడ పట్టేసి ఉంది.

"సదరు సమయంలో తమరు పైకి చూశారా?"

"వాతావరణాన్ని పరిశీలించాను."

"ఆ వాతావరణంలో విమానం తమ దృష్టికి వచ్చిందా?"

"నేను పరిశీలించింది వాతావరణం వరకే. అందులోని ఇతర వస్తువులు నా పరిధిలోకి రావు."

తరవాత విమానం వంతు. పదిహేడు మధ్యాహ్నమే దానిని సస్పెండు చేసి, నేలనెందుకు విడిచావో సంజాయిషీ ఇవ్వవలసిందిగా నోటీసు దాని ముక్కు మీది ఫంకాకు అంటించారు. గడువు ముగిసినా జవాబు రాలేదు. "మౌనం అంగీకారం," అన్నారు ఆచారి గారు. కాని విమానం నేరం అంగీకరించిందంటే ఎగిరినట్టే. ఎగిరిందంటే సంస్థ నిర్వచనం ప్రకారం ప్రమాదం జరిగినట్టే. గజాననరావు గారు పట్టేసిన మెడతోనే, ఒళ్లంతా తిప్పి, బీరువా మీది ఫలకంకేసి చూశారు.

"ఇదంతా ఎందుకు గాని," అని ఒక కాగితం కాదంబిని గారి ముందుకు తోశారు. "నేను ఎగరలేదు అని దీంట్లో ఉంది. సంతకం పెట్టమ్మా. పక్కనే నీ లైసెన్సు, ఇదుగో, సిద్ధం."

ఆమె కాగితం చదివి పక్కన పెట్టారు. "పెట్టలేనండి."

"రెండక్షరాలు గీకడానికి ఏం కష్టమమ్మా?"

"ఇరవయ్యేళ్లనుంచి పిల్లలకి ఎవరో చెప్పిందే తిరిగి చెబుతున్నానండి. నా కళ్లతో చూసింది అదొక్కటే. అది లేదంటే ఇక నా దగ్గరేముంది?"

"శుక్రవారం దాటితే లైసెన్సూ ఉండదు," అన్నారు ఆచారి గారు.

రాజు గారు ఆమె వైపు వంగారు. "పెట్టెయ్యండి మేడమ్," అన్నారు లోగొంతుకతో. "అది చేతిలో ఉంటే ఎక్కడికైనా వెళ్లి నిజవైన విమానం ఎక్కొచ్చు. వీళ్లతో మీకేటండీ?"

కాదంబిని గారు కిటికీలోంచి విమానంకేసి చూశారు. ఫంకా మీద నోటీసు గాలికి రెపరెపలాడుతోంది. ఆమెకు మరోసారి ఆ ముల్లు గుర్తొచ్చింది, ఆ బట్టతల గుర్తొచ్చింది, అది చిన్నదైపోయిన తీరు గుర్తొచ్చింది. తెల్లకాగితం ఒకటి అడిగి తీసుకుని, పరీక్షపత్రం దిద్దేటంత ఓపికగా రాసి, అధ్యక్షులవారికి అందించారు. వారు పైకి చదివారు.

"పదిహేడో తేదీ ఉదయం, సంస్థ నిర్దేశించిన ప్రకారం సున్నా అడుగుల ఎత్తున నేను ప్రయాణించుచుండగా, సింగవరం భూమి నా కిందినుండి సుమారు ఎనిమిది వందల అడుగులు దిగిపోయినది. గోదావరియు, లంకలును, సముద్రమును దానితోపాటే దిగినవి. వాటిని నేను స్పష్టముగా చూచితిని. కొంతసేపటికి భూమి తన చోటికి తిరిగి వచ్చి చక్రములకు మెత్తగా తగిలినది. ఆసాంతము నేను నా సీటులోనే ఉంటిని."

గజాననరావు గారు రెండోసారి లోలోపల చదువుకున్నారు.

"ఆచారి గారూ," అన్నారు చివరికి, "ఈ రన్‌వే భూమి ఎవరిది?"

"రెవెన్యూ శాఖదండి. మనం కౌలుకి తీసుకున్నాం."

"గోదావరి?"

"నీటిపారుదల శాఖది."

"సముద్రం?"

"కేంద్రానిదండి."

అధ్యక్షులవారు మెడ నొప్పి మరిచిపోయి కుర్చీలో వెనక్కి వాలారు. "అంటే మన శాఖకు సంబంధించినదేదీ కదల్లేదన్నమాట!"

ఇక తీర్మానాలు చకచకా నడిచాయి. తమ అధీనంలోని భూమి ముందస్తు సమాచారం లేకుండా ఎందుకు కుంగినదో, తిరిగి ఎవరి ఉత్తర్వులపై లేచినదో తెలుపవలసిందిగా రెవెన్యూ శాఖకు లేఖ రాయడానికి నిశ్చయమైంది. అంతటి విపత్తులోనూ తన ఎత్తు తప్పని విమానం మీది సస్పెన్షను ఎత్తివేసి, ఆ కాలాన్ని విధినిర్వహణగానే పరిగణించారు. నిలకడ చూపిన శిక్షణార్థిని సంఘం అభినందించింది. గజాననరావు గారు లైసెన్సు మీద సంతకం చేసి, ముద్ర వేసి, రెండు చేతులా అందించారు. కాదంబిని గారు తన వాంగ్మూలం కింద సంతకం చేశారు. అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదని మళ్లీ ఒకసారి చూసుకున్నాకే చేశారు.

అందరూ లేవబోతుండగా రాజు గారు గొంతు సవరించుకున్నారు.

"చిన్న మనవండి. ముఖ్య శిక్షకుడు కూడా ఏటా ఒంటరి పరీక్ష ఇవ్వాలని మన పుస్తకంలో ఉందండి. ఇన్నేళ్లూ ఎవరూ గుర్తు చెయ్యలేదు. రేపు ఉదయానికి పెట్టించుకుందామని," అంటూ మడతలు లేని కాగితం ఒకటి బల్ల మీద పరిచారు. ఎప్పుడు రాశారో, చక్కని దస్తూరీ.

"నిబంధనంటే నిబంధనే," అని ఆచారి గారు మెచ్చుకున్నారు. "ప్రయాణికులు?"

"ఒంటరి పరీక్ష కదండీ. దింపించేస్తాను."

ఆచారి గారు తల ఊపారు. కాదంబిని గారు రాజు గారి మొహంకేసి చూశారు. అక్కడ మీసం తప్ప ఏమీ కనిపించలేదు.

గజాననరావు గారు కలం తెరిచి, ఎందుకో ఆగారు. "నేల మీదే కదా రాజుగారూ?"

"నేల మీదేనండి, ఆయ్. అది దిగిపోకుండా ఉంటే."

"ఇహ దిగదులెండి," అన్నారు అధ్యక్షులవారు ధీమాగా. "రెవెన్యూ వాళ్లకి ఇవాళే రాసేస్తున్నాంగా."

సంతకం పడింది. బయట గుడ్డసంచీ సముద్రపు గాలికి నిండుగా ఉబ్బుతోంది. రాజు గారు సిరా ఆరేదాకా ఆగి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గుండె మీది జేబులో పెట్టుకుని, బొత్తాం పెట్టుకున్నారు.